తలుపు వేసి పాడే పాట

జెల్మా క్వామినా మా పెద్దమ్మ కూతురు. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఊళ్ళో అందరూ ఆమెని డాక్టరమ్మ అనేవాళ్ళు గానీ జ్వరమొస్తే ఎవరూ ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు. ఆమె పాటల డాక్టరు. మా పూర్వీకుల్ని ఓడల్లో గొలుసులతో కట్టి ఈ దీవులకి తెచ్చినప్పుడు వాళ్ళు ఏం పోగొట్టుకున్నారు, ఏం గుర్తుంచుకున్నారు, ఆ పోయినదాని నొప్పి ఇన్ని తరాల తర్వాత మాలో ఎక్కడ దాక్కుని ఉంది, పాటా కథా దాన్ని ఎలా మాన్పుతాయి, ఇదీ ఆమె చదువు. నలభై ఏళ్ళు అదే చదివింది, అదే చెప్పింది. నేను బట్టలు కుట్టుకుని బతికినదాన్ని. కారియాకూ దీవిలో, బెల్ ఆన్స్ అనే మా ఊళ్ళో, మా రెండిళ్ళూ పక్కపక్కనే.

ఆమెకి ఆ చదువు పిచ్చి ఎలా పట్టిందో నాకు తెలుసు. యాభై అయిదులో పెనుగాలి వచ్చినప్పుడు ఆమెకి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న సరుకు పడవ మీద పెద్ద దీవి నుంచి వస్తున్నాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు. పదిహేను రోజుల తర్వాత ఒక చెక్క ముక్క ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మా పెద్దమ్మ ఆ చెక్కని చూసింది, ఇంట్లోకి వెళ్ళింది, అంతే, మాట ఆగిపోయింది. వంట చేసేది, జొన్న చేను తవ్వేది, జెల్మాకి జడలు వేసేది. నోరు మాత్రం విప్పేది కాదు. ఫాదర్ వచ్చి ప్రార్థన చేశాడు. పట్నం నుంచి నర్సు వచ్చి సీసాలో మందిచ్చింది. ఏదీ పనిచేయలేదు.

అప్పుడు టాంటీ టిటీన్ రావడం మొదలుపెట్టింది. టాంటీ అంటే మాకు పిన్నీ, అత్తా అన్నీనూ. పోయిన పెద్దల పేరు మీద మా ఊళ్ళో జరిగే పెద్ద డప్పు ఆటలో పాట ఎత్తేది ఆవిడే. ఏ కుటుంబం ఆఫ్రికాలో ఏ జాతి నుంచి వచ్చిందో, ఆ జాతి పాటలేమిటో అన్నీ ఆవిడ నోట్లో ఉండేవి. చేను పని అయ్యాక సాయంత్రం పూట వచ్చి, మా పెద్దమ్మ వెనకాల కూర్చుని, తలకి ఆముదం రాసి దువ్వుతూ సన్నగా పాడేది. మా పెదనాన్న వాళ్ళది ఇబో జాతి. ఆ పాటలే పాడేది. "మాట్లాడు" అని ఒక్కసారీ అనలేదు. పద్నాలుగు నెలలు అలాగే వచ్చింది. ఒక సాయంత్రం పాడుతూ ఉంటే మా పెద్దమ్మ ఉన్నట్టుండి, "అది కాదు. ఆయన అక్కడ ఇంకా సాగదీసేవాడు" అంది. అని భోరున ఏడ్చింది. గుమ్మంలో కూర్చుని పలక మీద లెక్కలు చేసుకుంటున్న జెల్మా అలాగే బిగుసుకుపోయిందట. సంవత్సరంపైగా వినని అమ్మ గొంతు పాటలో తప్పు దిద్దడానికి బయటికొచ్చింది.

"అదేం వైద్యం హెస్టా, ఎలా పనిచేసింది?" అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. నాకేం తెలుసు! నాకప్పుడు ఏడేళ్ళు.

జెల్మా చదువులో మహా చురుకు. ఉపకారవేతనం వచ్చి పెద్ద దీవిలో హైస్కూలు, ఆ తర్వాత ట్రినిడాడ్‌లో విశ్వవిద్యాలయం. అక్కడ ఒక పెద్దాయన, "చావు పాటల మీద పరిశోధనా? ఇంతకంటే బతికున్న విషయమేదీ దొరకలేదా అమ్మాయ్?" అన్నాడట. ఇక్కడ మా ఊరివాళ్ళు మాత్రం ఊరుకున్నారా? "మేం ఊరికే పాడుకునేదానికి అక్కడ దీనికి జీతమిస్తున్నారంట" అని నవ్వేవాళ్ళు. ఆమె ఎవరినీ లెక్కచేయలేదు. ప్రతి వేసవికీ ఓడ దిగేది, చేతిలో ట్రంకుపెట్టెంత టేపు రికార్డరు. ముసలమ్మల ఇళ్ళ చుట్టూ తిరిగి, పొయ్యి దగ్గరా, బావి దగ్గరా కూర్చుని వాళ్ళ పాటలు పట్టుకునేది.

"ఈ పెట్టెలో పడ్డాక నా గొంతు నా దగ్గరే ఉంటుందా, నీ వెంట పడవెక్కి పోతుందా?" అని టాంటీ టిటీన్ హాస్యమాడేది.

"రెండు చోట్లా ఉంటుంది టాంటీ."

"అదెలాగే! ఒక్క మేకని రెండు గుంజలకి కడతావా?"

డెబ్బై ఎనిమిదిలో అనుకుంటా, టాంటీ నాకు కబురు పెట్టింది, గౌను కొలతలు తీసుకోమని. వెళ్ళేసరికి జెల్మా అక్కడే ఉంది. కొలతలయ్యాక టాంటీ నాతో, "నువ్వు బయట కూర్చుని కుట్టుకో అమ్మీ, తలుపు దగ్గరకి వేసి వెళ్ళు" అంది. మెట్ల మీద కూర్చున్నాను. లోపల టేపు రికార్డరు మీట టక్కున ఆపిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు సన్నటి మూలుగులాంటిదేదో. మాటలు తెలియలేదు. జెల్మా బయటికి వచ్చినప్పుడు ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. టాంటీ గుమ్మంలో నిలబడి అంది, నా చెవులారా విన్నాను:

"తలలో పెట్టుకోమన్నాను. కాగితం మీద కాదు. వెస్టాకి ఇప్పుడు ఇవేవీ పట్టవు, పట్నం మోజులో ఉంది. అది ఇంటికొచ్చాక నేనే నేర్పుతాను. ఈలోగా నాకేమైనా అయితే నువ్వు దానికి ఇవ్వు. అందుకే నీకు చెప్పాను. వింటున్నావా?"

"వింటున్నాను టాంటీ."

వెస్టా అంటే టాంటీ కూతురు. కొడుకు ఆల్బన్, పడవలు కట్టేవాడు. జెల్మా ఈడువాడే, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఒడ్డున పీతలు పట్టేవాళ్ళు.

ఆరేళ్ళు గడిచాయి. జెల్మా పుస్తకం రాస్తోంది. ఒక వేసవిలో కాగితాల కట్ట తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టింది. "ఇందులో టాంటీ పాట ఉంది హెస్టా. పేర్లన్నీ మార్చేశాను. ఇది లేకపోతే నా పుస్తకానికి ప్రాణం లేదు. ఇన్నేళ్ళూ నేను వెతుకుతున్నదే ఈ పాట. ఇలాంటిది ఇంకెక్కడా లేదు. ఏం చేయను?" అంది. చేతులు నలుపుకుంటోంది. నేను కాలరు కుడుతున్నాను, తల కూడా ఎత్తలేదు. "ఇక్కడెవరు చదువుతారక్కా?" అన్నాను. అన్న మాట అన్నాను. దాచిపెట్టి లాభం లేదు.

పుస్తకం వచ్చింది. మా ఊళ్ళో నిజంగానే ఎవరూ చదవలేదు. మరుసటేడు ఒక ఆదివారం, చర్చి అయ్యాక అందరూ భోజనాల దగ్గరుండగా, రేడియోలో "మన దీవుల బిడ్డ రాసిన పుస్తకం" అంటూ ఒక అధ్యాయం చదివారు. కిటికీలన్నీ తెరిచే ఉంటాయి కదా, ఒకే గొంతు ఊరంతా వినిపించింది.

బానిసత్వం రోజుల్లో ఇద్దరు అన్నదమ్ములు. అన్న తోట నుంచి పారిపోయి కొండ గుహలో దాక్కున్నాడు. తమ్ముడు దొరకి ఆ గుహ చూపించాడు. అన్నని ఉరితీశారు. తమ్ముడికి విడుదల కాగితమూ, మూడు చింతచెట్లున్న నాలుగెకరాల నేలా దక్కాయి. ఆ తమ్ముడి ఇంట్లో ఎవరైనా పోతే, వాళ్ళ సమాధి మీద రాయి ఎత్తి నిలబెట్టే విందు రోజున, డప్పులు మొదలుకాక ముందే, రక్తసంబంధీకులు మాత్రం ఒక గదిలో తలుపు వేసుకుని ఒక పాట పాడతారు.

"తలుపు వేశాం అన్నా, ఎండకి కూడా తెలియదు,
గుహ చూపిన వేలు ఇదిగో, నరికినా తరగలేదు,
ఈ వేలితోనే నీకు నీళ్ళు పోస్తున్నాం, తాగుతావా, పారబోస్తావా?"

పేర్లు మార్చింది సరే. మూడు చింతల పొలం టాంటీ టిటీన్‌దని ఎవరికి తెలియదు? ఉరితీసిన అన్నకి ఒక కూతురుండేది. మా పై వీధి మొత్తం ఆ కూతురి సంతానమే. వాళ్ళు తమ విందుల్లో ఎప్పట్నుంచో ఒక పాట పాడుకునేవాళ్ళు, మా తాతని దొర కుక్క వాసన పట్టి పట్టిచ్చిందని. పై వీధి పెద్ద కాస్మస్ బ్రిస్టల్. దుకాణం నడిపేవాడు, మాట కరుకు. ఆ సాయంత్రం దుకాణం అరుగు మీద నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు:

"ఇన్నాళ్ళూ కుక్క అనుకున్నాం. పాపం, ఆ కుక్కనెంత తిట్టాం!"

పై వీధికీ టాంటీ వాళ్ళ కింది వీధికీ మధ్య నూట యాభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు జరిగాయి. ఆ మాటతో ఒక్కసారిగా రోడ్డుకి అటొకరూ ఇటొకరూ అయిపోయారు.

ఆ వారం పై వీధిలో ఒక విందు ఉంది. పాట ఎత్తడానికి టాంటీ టిటీన్‌ని పిలవలేదు. ఆవిడా వెళ్ళలేదు. ఆ తర్వాత ఎవరు పిలిచినా వెళ్ళలేదు. పొయ్యి దగ్గర కూనిరాగం కూడా మానేసింది.

అసలు దెబ్బ ఆల్బన్‌కి తగిలింది. అప్పటికి రెండేళ్ళుగా ఒడ్డున ఒక పడవ కడుతున్నాడు. నలభై రెండడుగులది, తెల్ల దేవదారు పక్కటెముకలు, మా తీరంలో ఆ సైజుది వచ్చి చాలా ఏళ్ళయింది. పడవని నీళ్ళలోకి దింపడమంటే మాకు పండగ. ఆసరా గుంజలు గొడ్డలితో ఒక్కొక్కటీ నరికి, పడవని పక్కకి ఒరిగించి, దుంగల మీద దొర్లిస్తూ ఊరంతా తాడు పట్టుకుని లాగాలి. డెబ్బై మందైనా కావాలి. ఆల్బన్ శనివారం ఖాయం చేసి ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. రెండు గొర్రెల్ని కోశారు. వెస్టా పట్నం నుంచి వచ్చింది. నేనూ ఇంకో అయిదుగురు ఆడవాళ్ళమూ తెల్లారగట్ల నుంచి జొన్నపిండి సంకటి తిప్పి ముద్దలు చేశాం, కందులు ఉడకేశాం.

ఫాదర్ వచ్చి నీళ్ళు చల్లాడు. తాడు ఇసుకలో పొడుగ్గా పరిచి ఉంది. లెక్కపెడితే పందొమ్మిది మందిమి ఉన్నాం, అందులో ఏడుగురం ఆడవాళ్ళం. పై వీధి వాళ్ళు రోడ్డు దాకా వచ్చారు. రోడ్డు దిగలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"కాస్మస్ అన్నా, ఒక చెయ్యి వెయ్యి" అని ఆల్బన్ కింద నుంచి పిలిచాడు. మామూలుగా పిలిచినట్టే పిలిచాడు.

"అన్న అనకు తమ్ముడూ" అన్నాడు కాస్మస్. "మీ ఇంట్లో ఆ మాటకి అర్థం వేరు."

పందొమ్మిది మందిమీ తాడు పట్టుకున్నాం. లాగాం. పడవ మూలిగింది, కదల్లేదు. మళ్ళీ లాగాం. నా అరచేతులు చీరుకుపోయాయి. మధ్యాహ్నం దాటేసరికి గొర్రె కూర మీద కొవ్వు పేరుకుంది. ఆల్బన్ తాడు చుట్టేసి, "వెళ్ళి తినండమ్మా, చల్లారిపోతుంది" అన్నాడు. పడవ పదకొండు రోజులు పక్కకి ఒరిగి అక్కడే పడుంది. పన్నెండో రోజున పట్నం నుంచి ట్రాక్టరు తెప్పించి లాగించాడు. మా తీరంలో ట్రాక్టరు నీళ్ళలోకి తోసిన మొదటి పడవ అదే. ఆ నెలలోనే ఎవరికో ఇచ్చేశాడు. మళ్ళీ పడవ కట్టలేదు. తలుపులూ కుర్చీలూ బాగుచేసుకుంటూ బతికాడు.

నేనే జెల్మాకి ఉత్తరం రాశాను. మొదటి ఓడకే వచ్చేసింది. సంచి నా చేతిలో పడేసి తిన్నగా టాంటీ ఇంటికి వెళ్ళింది, వెనకే నేనూ వెళ్ళాను. టాంటీ తలుపు తీసింది. కుర్చీ వేసింది. చేపల పులుసు పెట్టింది.

"తిను. చిక్కిపోయావు. అక్కడ తిండి సరిగ్గా దొరకదా?"

వానల గురించి చెప్పింది. తన మోకాలి నొప్పి గురించి చెప్పింది. జెల్మా ముద్ద మింగలేక కూర్చుంది. చివరికి, "టాంటీ, తిట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను, తిట్టు" అంది.

"తిట్టాలంటే నోరుండాలి కదే. నా నోరు నీ దగ్గరుంది" అంది టాంటీ. లేచి గిన్నె తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టింది.

బయటికొస్తుంటే పెరట్లో ఆల్బన్ రంపం నూరుతున్నాడు. జెల్మా ఆగింది. అతను తలెత్తి, "దారి జాగ్రత్త డాక్టర్ గారూ, మెట్టు వదులుగా ఉంది" అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆమెని 'ఏయ్ పీత' అని పిలిచినవాడు.

తొంభైలో టాంటీ టిటీన్ పోయింది. వెస్టాకి పాట నేర్పలేదు. ఊళ్ళో ఆ గొడవైన తర్వాత ఆవిడ గొంతు విప్పితే కదా! పాతిపెట్టడం జరిగింది గానీ రాయి ఎత్తలేదు. మాలో రాయి వెంటనే పెట్టరు. తీరిక చూసుకుని, వంటలు చేసి, డప్పులు పెట్టి, చచ్చిపోయినవాళ్ళకి విస్తరి వేసి అప్పుడు పెడతారు. టాంటీ పేరు చెక్కిన రాయి వాళ్ళ ఇంటి కింద, గుంజల మధ్య, గోనెపట్టా కప్పుకుని ఉండిపోయింది. పాట లేకుండా రాయి ఎత్తకూడదు. పాట వచ్చిన మనిషి ఒక్కతే. ఆమెని అడగరు. పుస్తకంలో మాటలున్నాయి, అవీ ఇంగ్లీషులోకి మార్చినవి. రాగం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ ఏళ్ళన్నీ జెల్మా ట్రినిడాడ్‌లో ఉంది. ఆ పుస్తకం వల్లే ఆమెకి పేరొచ్చింది. బ్రెజిల్ వెళ్ళింది, ఘానా వెళ్ళింది, మా వాళ్ళని ఓడలెక్కించిన కోటల్లో నిలబడి మాట్లాడింది. నేనొకసారి ఆమె దగ్గర నెల్లాళ్ళు ఉన్నాను. వారానికొకసారి ఆసుపత్రికి వెళ్ళేది. మనసు చెదిరి చేరిన ఆడవాళ్ళని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక కథో కవితో చదివి, "మీ అమ్మ ఏం పాడేది?" అని అడిగేది. ఒకావిడ, బిడ్డ పోయి ఆరునెలలు గోడకేసి తిరిగి పడుకున్నావిడ, నా కళ్ళ ముందే లేచి కూర్చుని బట్టలుతికే పాట పాడింది. నర్సులు కళ్ళు తుడుచుకున్నారు. దారిలో నేను, "ఎంత మంచి పని చేస్తున్నావక్కా" అన్నాను. ఇల్లు చేరాక ఆమె అంది, "హెస్టా, వాళ్ళు పాడుతుంటే నేను రాసుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. చేతిలో కలం ఉంటే కూర్చోలేకపోతున్నాను." అప్పటికి ఆమెకి పెళ్ళయి, విడిపోయి, ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది.

రెండు వేల ఆరులో పని విరమించి ఊరికొచ్చేసింది. అమ్మ ఇల్లు బాగుచేయించుకుంది. నేను తప్ప గడప తొక్కినవాళ్ళు లేరు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకొకరు కూర్చునేవారు కాదు. తలుపు బాగుచేయడానికి ఆల్బన్‌ని పిలవలేక, పక్క ఊరి నుంచి వడ్రంగిని పిలిపించుకుంది. గుండె జబ్బు మొదలైంది. రోడ్డు చివరిదాకా నడవడమే కష్టమయ్యేది.

వెస్టా అప్పటికి ఊళ్ళోనే ఉంటోంది. ఒకరోజు అంచు కుట్టించుకోవడానికి వచ్చి, గౌను నా ఒళ్ళో పెట్టి కూలబడింది.

"అమ్మ మళ్ళీ కల్లోకొచ్చింది అక్కా. ఖాళీ పళ్ళెం పట్టుకుని పెరట్లో నిలబడింది. లోపలికి రమ్మంటే రాదు. నాకు అరవై వస్తున్నాయి. నేనూ పోతే ఆ రాయి ఎవరు ఎత్తుతారు?"

"పక్కింట్లోనే ఉంది కదే. నేను అడగనా?"

"ఆవిడ నోట్లోంచి వచ్చిన పాట మా ఇంట్లో పడిందంటే అన్నయ్య ఇల్లు వదిలిపోతాడు."

ఆ సంగతి నేను జెల్మాకి చెప్పాను. "అడిగితే ఇస్తాను. అడక్కుండా వాళ్ళ గుమ్మం ఎక్కే హక్కు నాకు లేదు" అంది. "కానీ త్వరగా అడగమను."

ఎదురుచూడ్డంలోనే ఇంకో ఏడాది పోయింది. రెండు వేల పన్నెండులో, ఈస్టరు దాటాక, ఒక ఉదయం ఆల్బన్ తానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెట్ల కింద నిలబడ్డాడు, పైకి రాలేదు. జెల్మా వరండా కుర్చీలో ఉంది. నేను పక్కన కూర్చుని ఆమె మాత్రలు పెట్టెలో సర్దుతున్నాను.

"క్షమించడానికి రాలేదు" అన్నాడు.

"తెలుసు."

"మా అమ్మ సొమ్మేదో మీ దగ్గరుంది. చెల్లెలికి రాత్రిళ్ళు నిద్ర లేదు. దానికి ఇవ్వండి."

"ఇస్తాను. రేపే పంపించు."

"ఇంకెవరూ వినకూడదు."

"తలుపు వేసుకుంటాం ఆల్బన్."

తన పేరు వినగానే అతను మెట్టు దగ్గరి నుంచి వెనక్కి జరిగాడు. తల ఊపి వెళ్ళిపోయాడు. జెల్మా కుర్చీ చేతుల్ని పట్టుకుని చాలాసేపు ఊపిరి అందక అవస్థపడింది.

తొమ్మిది మధ్యాహ్నాలు వెస్టా వచ్చింది. తలుపు వేసుకునేవాళ్ళు. నేను నా ఇంట్లో మిషను గట్టిగా తొక్కుతూ కూర్చునేదాన్ని, వినబడకుండా. అయినా వెస్టా తర్వాత కొంత చెప్పింది. మొదటి రోజు ఇద్దరూ పాట జోలికే పోలేదట. రెండో రోజు జెల్మా కళ్ళు మూసుకుని మొత్తం పాడిందట. గొంతు జెల్మాదే, కానీ మాటల విరుపు అమ్మది, సాగదీత అమ్మది. మూడో చరణంలో ఒకచోట ఊపిరి తెగి, చిన్న వెక్కులాంటిది వచ్చి, మళ్ళీ అందుకుంటుంది.

"ఇది పాటలో ఉందా, మా అమ్మ ఉబ్బసమా?" అని అడిగిందట వెస్టా.

జెల్మా, "తెలీదు వెస్టా. నేను ఒక్కసారే విన్నాను. విన్నది విన్నట్టు మోసుకొచ్చాను" అందట.

ఇద్దరూ ఆ వెక్కు తీసెయ్యాలా ఉంచాలా అని ఒక రోజంతా తేల్చుకోలేకపోయారు. చివరికి ఉంచేశారు. ఆ రోజు వెస్టా ఎంత ఏడ్చిందంటే ఇంటికి వెళ్ళేముందు నా దగ్గర మొహం కడుక్కుంది.

జూన్‌లో విందు పెట్టారు. రాయిని ఇంటి కింద నుంచి బయటికి తీసి, గోనెపట్టా విప్పి కడిగారు. ఇరవై రెండేళ్ళ దుమ్ము. ఆ రోజు పొద్దున్నే వెస్టా, ఆల్బన్, వాళ్ళ చిన్నమ్మ కొడుకులిద్దరూ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మేం బయట పెరట్లో పొయ్యిల దగ్గరున్నాం. ఎవరూ చెప్పకుండానే గరిటెలు ఆపేశాం. బయటికొచ్చినప్పుడు ఆల్బన్ మొహం ఎవరివైపూ తిప్పలేదు, తిన్నగా బావి దగ్గరికి పోయాడు. ఆ తర్వాత డప్పులు మొదలయ్యాయి.

మధ్యాహ్నం కాస్మస్ బ్రిస్టల్ వచ్చాడు. కర్ర పట్టుకుని, మనవరాలి భుజం మీద చెయ్యి వేసి. వెస్టా కుర్చీ వేసి పళ్ళెం పెట్టింది. ఒక సంకటి ముద్ద తిన్నాడు.

"ఉప్పు లేదు" అన్నాడు.

"పోయినవాళ్ళ కోసం వండింది. ఉప్పెందుకు వేస్తాం?"

"అవునవును. మర్చిపోయాను. మీ ఇంట్లో తిని చాలా కాలమైంది" అన్నాడు. ఇంకో ముద్ద తిని వెళ్ళిపోయాడు. పై వీధి నుంచి అంతకుమించి ఇద్దరో ముగ్గురో వచ్చారు, అంతే.

జెల్మాని పిలవలేదు. ఆమె నా వరండాలో కూర్చుంది, మా వరండా వాళ్ళ పెరటికి దగ్గర. డప్పు దెబ్బ దెబ్బకీ ఆమె వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. ఇబో పాట ఎత్తినప్పుడు, ఎత్తినమ్మాయి ఒకచోట తొందరపడింది. జెల్మా పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. సాయంత్రం వెస్టా కంచె దాటి వచ్చింది. గుడ్డ కప్పిన పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టింది. సంకటి, కందులు, మాంసం. "తిను" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. జెల్మా మొత్తం తింది. అన్నం సహించక మూడు నెలలైన మనిషి, ఒక్క కందిగింజ కూడా వదల్లేదు.

ఆ మరుసటి ఫిబ్రవరిలో పోయింది. ఉదయం కాఫీ పట్టుకెళితే కుర్చీలో ఒరిగి ఉంది. విశ్వవిద్యాలయం నుంచి ఎనిమిది మంది వచ్చారు. మంచివాళ్ళు, నల్లకోట్లలో చెమటలు కక్కుతూ చాలా చెప్పారు. వేల మంది గాయాలు మాన్పిన మనిషి అన్నారు. అబద్ధం కాదు. ఆసుపత్రిలో నేను చూసిన ఆ తల్లి కూడా వచ్చింది, తల నెరిసిపోయింది, శవపేటిక మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. మా ఊరివాళ్ళు చర్చి వెనక బల్లల్లో కూర్చున్నారు, కొందరు బయటే నిలబడ్డారు. ఆల్బన్ రాలేదు. నేను తలుపు వైపు చూస్తూనే ఉన్నాను.

అందరూ వెళ్ళిపోయాక వెస్టా నాతోపాటు ఆ ఇంటికి వచ్చింది. ఇద్దరం అల్మారా తెరిచి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాం. చాలావరకు నేను కుట్టినవే. వెస్టా ఒక నీలం గౌను చేతులు లోపలికి మడుస్తూ, "అన్నయ్య పొద్దున్నుంచీ కిటికీలు మూసుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద పెట్టింది పెట్టినట్టే ఉంది" అంది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఆకలి లేదన్నాడు."

నేను ఇంకో గౌను అందించాను. ఆమె దాన్ని కూడా మడిచింది.